మీదికి దూకే పుంజును ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

పెరట్లో నాలుగైదు పెట్టలు, వాటి మధ్య ఒక పుంజు. పెందుర్తి, మధురవాడ, గాజువాక వైపు సొంతిల్లు ఉన్న చాలామందికి ఉండే మంద ఇంతే. పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో నూకలు తిన్న పుంజే, ఆరేడు నెలలు దాటి కూత ముదిరాక, మేత గిన్నె పట్టుకెళ్ళిన మనిషి పిక్క మీద తన్నుతుంది. ఇంట్లో ఒకరు "కోసేద్దాం" అంటారు, ఇంకొకరు "పుంజన్నాక ఆ మాత్రం పొడవదా" అంటారు. రెండూ తొందరపాటు మాటలే. తేల్చుకోవలసినవి మూడు సంగతులు: అది ఎవరి మీద పడుతోంది, ఆ దూకుడు తగ్గేదా కాదా, ఇచ్చేస్తే నిజంగా ఎక్కడికి చేరుతుంది. మూడోదాన్ని చాలామంది అడగరు. అడగకుండా ఇచ్చేస్తే, మన ఇంట్లోని ప్రమాదాన్ని ఇంకొకరి పిల్లల మధ్యకు పంపినట్టో, పుంజును బరిలోకి పంపినట్టో అవుతుంది.

ముందు మనుషుల సంగతి

నిర్ణయానికి మూడు నాలుగు వారాలు పట్టినా ఫర్వాలేదు. జాగ్రత్త మాత్రం ఇవాళే మొదలవ్వాలి. పుంజు ఎగిరి తన్నితే కాళ్ళు నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తుకు వస్తాయి. పెద్దవాళ్ళకు అది మోకాలు, తొడ. మూడేళ్ళ పిల్లకు కళ్ళు. అందుకని ఆరేడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో పుంజు ఒక్కసారి మనిషి మీదికి వచ్చినా సరే, విడిగా తిరగనివ్వడం ఆ పూటే ఆపేయాలి. ముసలివాళ్ళ విషయంలో గాయం కంటే పడిపోవడం పెద్ద ప్రమాదం. తులసికోట దగ్గరికో కుళాయి దగ్గరికో వెళ్ళినప్పుడు వెనక నుంచి పుంజు దూకితే అదిరిపడి జారతారు, తుంటి ఎముక విరుగుతుంది.

గంప కింద ఒక పూట మూయవచ్చు. అంతకుమించి ఉంచాలంటే కనీసం నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న జాలీ గూడు కావాలి, పైన నీడ ఉండాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా విశాఖ ఉక్కలో రేకు కింద మూసిన పుంజు మధ్యాహ్నానికే నోరు తెరిచి రొప్పుతుంది. కోడికి చెమట పట్టదు. రొప్పడం వల్లే ఒళ్ళు చల్లబడాలి, గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పు కూడా సరిగా పనిచేయదు.

దాని దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు గంబూట్లు, మందపాటి ప్యాంటు వేసుకోవాలి. చేతిలో ప్లాస్టిక్ డ్రమ్ము మూతో, వెడల్పాటి బేసినో ఉండాలి. అది కొట్టడానికి కాదు, మధ్యలో అడ్డం పెట్టడానికి. గూడు శుభ్రం చేయడానికి వంగినప్పుడు ముఖం దాని ఎత్తుకు వస్తుంది కాబట్టి, ఆ పని పుంజును మూసిపెట్టాకే.

గాయమైతే సబ్బుతో, పారే నీళ్ళ కింద బాగా కడగాలి. కోడి వల్ల రేబిస్ రాదు, ఆ కంగారు అక్కర్లేదు. టెటనస్ సంగతి మాత్రం చూసుకోవాలి: చివరి ఇంజెక్షన్ వేయించుకుని అయిదేళ్ళు దాటితే డాక్టరును అడిగి వేయించుకోవడం మంచిది. పుంజు కాలి ముల్లు చేసే గాయం పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది గానీ లోతుగా దిగుతుంది. పైన తొందరగా మూసుకుపోయి లోపల చీము పడుతుంది. రెండు రోజులు గమనించి, ఎర్రబడి వాచినా, వేడిగా సలిపినా ఆసుపత్రికి వెళ్ళాలి. షుగరు ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆ రెండు రోజులు కూడా ఆగకూడదు. కంటికి తగిలితే నలపకూడదు, కడగకూడదు, చుక్కలు వేయకూడదు. కంటి మీద ఒత్తిడి పడకుండా ఒక కాగితం కప్పు బోర్లించి పట్టుకుని నేరుగా కంటి ఆసుపత్రికే వెళ్ళాలి. నగరంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

బెదిరింపా, భయమా, దాడా

పుంజు చేసే ప్రతి గోలా దాడి కాదు. ఒక పెట్టను చేత్తో పట్టుకున్నప్పుడు అది కెవ్వున అరిస్తే ఏ పుంజైనా పరిగెత్తుకొస్తుంది. అది దాని ఉద్యోగం. మూలలో ఇరుక్కున్నప్పుడు తప్పించుకోవడానికి ఎగిరి తన్నేది భయంతో చేసే పని. ఇలాంటి పుంజును పంపించేయాల్సిన పని లేదు, మనం మసలే తీరు మార్చుకుంటే చాలు.

సవాలు చేసే పుంజు ముందుగా చెబుతుంది. మెడ ఈకలు గొడుగులా విప్పుతుంది. ఒక రెక్క నేలకు దించి, కాలికి రాసుకుంటూ, పక్కవాటుగా చిన్న అడుగులతో దగ్గరికొస్తుంది. నేల మీద ఏమీ లేకపోయినా ముక్కుతో పొడుస్తూ ఒక కన్ను మన మీదే ఉంచుతుంది. పెట్ట చుట్టూ తిరిగేటప్పుడు కూడా రెక్క ఇలాగే దించుతుంది కాబట్టి, అది ఎవరి వైపు తిరిగి చేస్తోందో చూడాలి. ఈ దశలో దాన్ని ఆపవచ్చు.

ఏ సూచనా లేకుండా, మనం వీపు తిప్పగానే దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తన్నేది మూడో రకం. మనుషులు మేత దగ్గర లేకపోయినా, పెట్టలకు దూరంగా ఉన్నా, వెతుక్కుంటూ వస్తుంది. ఇలాంటిది మారడం చాలా అరుదు.

జాతి గురించి ఒక మాట. పందెం కోడి అంటే అసీల్ జాతి. డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి ఎన్ని పేర్లున్నా వాటికి శత్రువు ఇంకో పుంజే. మనుషుల దగ్గర చాలా అసీల్ పుంజులు నెమ్మదిగానే ఉంటాయి. సాటి పుంజును చంపేదాకా పోరాడే పుంజు యజమాని చంకలో కదలకుండా కూర్చోవడం మామూలే. కాబట్టి "రెండో పుంజుతో కొట్టుకుంటోంది" అన్నది, "మనిషి మీదికొస్తోంది" అన్నది వేర్వేరు సమస్యలు. మొదటిదానికి మందు రెండు పుంజులను విడదీయడం. ఈ వ్యాసం రెండోదాని గురించి.

దూకుడు ఎక్కడి నుంచి వస్తుంది

వయసు మొదటి కారణం. అయిదు నెలల నుంచి ఏడాది దాకా కూతకొచ్చిన పుంజు ఒంట్లో హార్మోన్లు పొంగుతాయి, ఎవరు పైన ఎవరు కింద అని ప్రతిదాన్నీ పరీక్షిస్తుంది. కొన్ని పుంజులు ఏడాదిన్నర దాటాక వాటంతటవే సర్దుకుంటాయి. పగలు పెరిగే కాలంలో ఈ పొంగు ఎక్కువ. మన దగ్గర డిసెంబరులో పగలు దాదాపు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. అందుకని సంక్రాంతికి బుద్ధిగా ఉన్న పుంజు ఉగాదికి తిరగబడటం వింత కాదు.

పెట్టలు తక్కువైతే రెండో కారణం మొదలవుతుంది. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలన్నది అనుభవం మీద నిలిచిన లెక్క. మూడు నాలుగు పెట్టలతో ఉన్న పుంజు వాటినే పదే పదే తొక్కుతుంది, ఎవరు దగ్గరికొచ్చినా పోటీగా చూస్తుంది. మంద చిన్నదైతే ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి: గుడ్లు పెట్టడానికి పెట్టలకు పుంజు అక్కర్లేదు. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో, పక్కింటి గోడకు ఆనుకుని నాలుగు పెట్టలున్న పెరట్లో, తెల్లవారుజామున నాలుగింటికే కూసే పుంజును ఉంచుకోవడానికి అసలు కారణం ఏమిటో ఇంట్లోవాళ్ళు ఒకసారి మాట్లాడుకోవాలి.

మూడో కారణం మనమే. పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని, చేత్తో తినిపించి పెంచిన పుంజుకు మనిషంటే బెరుకు పోతుంది. బెరుకు లేని పుంజు పెద్దయ్యాక మనిషిని సాటి పుంజుగా లెక్కవేస్తుంది. పెట్టలకు ముద్దు చేసినా నష్టం లేదు, పుంజు పిల్లలను మాత్రం కాస్త దూరంలోనే పెంచాలి. చీపురుతో కొట్టడం, కాలితో తన్నడం దీనికి రెండో మెట్టు. పుంజు దృష్టిలో అది పోటీకి ఒప్పుకోవడమే. ఇవాళ ఓడితే రేపు మళ్ళీ వస్తుంది. అరుస్తూ వెనక్కి పరుగెత్తినా అంతే, గెలిచానని నేర్చుకుంటుంది.

పొదిగే పెట్ట ఉన్నప్పుడు, కొత్తగా పిల్లలు దిగినప్పుడు, పక్క పెరట్లోకి కొత్త పుంజు వచ్చినప్పుడు కొన్నాళ్ళపాటు చిరాకు పెరుగుతుంది. నొప్పి కూడా చూడాలి. రెక్కల కింద, తోక మొదట్లో కోడిపేలు పట్టాయేమో, అరికాలిలో నల్లటి పెచ్చు కట్టి వాపు ఉందేమో రాత్రి దీపం పెట్టి చూడాలి. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే రెండేళ్ళ పుంజు ఉన్నట్టుండి మారిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

వారం రోజులు రాసుకోండి

గుర్తున్నదాన్ని బట్టి నిర్ణయిస్తే ఒక్క పెద్ద దెబ్బే గుర్తుంటుంది. ఏడు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఏ వేళ, ఎవరి మీదికి, ఎంత దూరం నుంచి, చేతిలో ఏముంది, ఏం వేసుకున్నారు, ముందు రెక్క దించిందా, తగిలిందా, పెట్టలు ఎక్కడున్నాయి. వారం తర్వాత చూస్తే తీరు బయటపడుతుంది. పొద్దున్న మేత వేళే దాడులన్నీ ఉంటే సమస్య మేత దగ్గర ఉంది. ఎరుపు బకెట్టో, నేల మీద జీరాడే చీర కుచ్చిళ్ళో, గాలికి ఎగిరే చున్నీయో కనిపించినప్పుడే వస్తుంటే దాన్ని మార్చడం తేలిక. ఒక్కరి మీదికే వస్తుంటే, వాళ్ళు పుంజుతో ఎలా మసులుతున్నారో ఇంకొకరు దూరం నుంచి చూడాలి.

ఇదే వారంలో ఒక రాత్రి పెట్టలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూడండి. వీపు మీద, తల వెనక ఈకలు ఊడి చర్మం కనబడుతోందా? రెక్కల కింద పక్కటెముకల దగ్గర చీలిక గాయాలున్నాయా? వీపు బోసిపోతే పుంజు ఎక్కువగా తొక్కుతోందని. పక్కల్లో చీలికలు ఉంటే ముళ్ళు పొడుగైపోయాయని. ఈ గాయాలు ఈకల కింద దాక్కుంటాయి, ఈగలు వాలి పురుగు పట్టాక గానీ పైకి తెలియవు. వానాకాలంలో ఇలా పోయే పెట్టలు తక్కువేమీ కాదు. మనుషుల జోలికి పోకపోయినా, పెట్టలను ఇలా చీరేస్తున్న పుంజు ఆ మందలో ఉండకూడదు.

మూడు వారాల ప్రయత్నం

పుంజు వయసు ఏడాది లోపు, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, దాడికి ముందు సూచన ఇస్తోంది. ఈ మూడూ ఉంటే ప్రయత్నించాలి. ఇంట్లో ఒక్కరు చేస్తే ఆ ఒక్కరికే లొంగుతుంది కాబట్టి, దాని దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళందరూ ఒకే పద్ధతి పాటించాలి.

మొదట మేత మార్చండి. గిన్నె పట్టుకుని మధ్యలోకి నడవడం మానేసి, కంచె బయటి నుంచే గంటెలు (సజ్జలు) గానీ నూకలు గానీ రెండు మూడు చోట్ల చల్లండి. పుంజు పెట్టలను పిలుస్తూ గింజలు చూపించే పనిలో పడుతుంది. చేత్తో తినిపించడం పూర్తిగా బంద్.

లోపలికి వెళ్ళినప్పుడు నిదానంగా, తిన్నగా మన పని మీద నడవాలి. దాని చుట్టూ దారి చేసుకుని వెళ్ళకూడదు, కళ్ళలోకి గుచ్చి చూడకూడదు. రెక్క దించి పక్కవాటుగా వస్తే అక్కడే ఆగిపోవాలి. ముందుకూ వద్దు, వెనక్కీ వద్దు. డ్రమ్ము మూత కాళ్ళ ముందు నిలబెట్టి, అది తల తిప్పి నేలను పొడవడమో, ఈకలు సర్దుకోవడమో, అవతలికి నడవడమో చేసేదాకా నిలబడాలి. ఇది అర నిమిషం పట్టవచ్చు, అయిదు నిమిషాలూ పట్టవచ్చు. అది అవతలికి తిరిగాకే మన అడుగు కదలాలి. దూకితే మూతకు తగిలి కింద పడుతుంది, మనం ఏమీ చేయకపోతే పోటీలో రుచి పోతుంది.

పట్టుకోవడం పగలు తరిమి కాదు. చీకటి పడ్డాక అది కర్రెక్కి కూర్చున్నప్పుడు, వెలుతురు తగ్గించిన టార్చితో వెళ్ళి, రెండు చేతులతో రెక్కలను ఒంటికి అదిమి ఎత్తాలి. ఒక అరచేయి రొమ్ము కిందికి పోనిచ్చి వేళ్ళ మధ్య రెండు కాళ్ళూ పట్టుకుని, తల వెనక్కి ఉండేలా చంకలో పెట్టుకోవాలి. పది పదిహేను నిమిషాలు అలా ఉంచి, గింజుకోవడం ఆగి ఒళ్ళు వదులు చేశాకే దించాలి. గింజుకుంటున్నప్పుడు దించితే గింజుకుంటే వదిలేస్తారని నేర్చుకుంటుంది. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయకూడదు. సంతలో అందరూ అలాగే మోస్తారు గానీ, కోడికి మనలా ఊపిరితిత్తుల కింద అడ్డుపొర ఉండదు. తలకిందులైతే లోపలి అవయవాల బరువంతా గాలి తిత్తుల మీద పడి ఊపిరాడదు. కాళ్ళు బిగిసి కదలకుండా ఉండిపోవడాన్ని లొంగిపోవడం అనుకుంటారు, అది భయం.

ఒక వారం ఇలా చేసినా మార్పు లేకపోతే, రెండో వారం పుంజును పెట్టలు కనిపించని చోట విడిగా ఉంచండి. గ్రీన్ నెట్ సరిపోదు, వెలుతురులో అవతలివి కనిపిస్తాయి. రేకో, ప్లైవుడ్డో అడ్డం పెట్టాలి. మూడో వారం సాయంత్రం గూటికి చేరే వేళ మళ్ళీ మందలో వదిలితే, మందలో ఎవరు పైన ఎవరు కింద అన్న వరస మారి ఉంటుంది కనుక కొన్ని పుంజులు అణిగి ఉంటాయి. ఆ వారం మళ్ళీ కాగితం మీద రాయండి. మొదటి వారంతో పోలిస్తే దాడులు సగానికన్నా తగ్గితే ఇంకో నెల ఇదే కొనసాగించవచ్చు. తగ్గకపోతే ఆశ పెట్టుకుని లాగడం వల్ల లాభం లేదు.

కాలి ముళ్ళు

ముళ్ళు కత్తిరిస్తే దెబ్బ తీవ్రత తగ్గుతుంది, కోపం తగ్గదు. ముల్లు పైపొర మన గోరులాంటిది, లోపల ఎముక, రక్తనాళం ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఆ ఎముక కూడా పొడవవుతుంది. అందుకని కొనలో నాలుగో వంతుకు మించి తీయకూడదు. రాత్రి వేళ ఒకరు పుంజును తువాలులో చుట్టి పట్టుకోవాలి. ఇంకొకరు గోళ్ళ ఆకురాయితో గానీ, చిన్న గ్రైండరుతో గానీ మొన అరగదీసి మొద్దుగా గుండ్రం చేయాలి. గోళ్ళ కత్తెరతో నొక్కితే ముల్లు నిలువునా చీలుతుంది. రంపపు బ్లేడు వాడితే నెమ్మదిగా, వేడెక్కకుండా చూసుకోవాలి. రక్తం వస్తే మొక్కజొన్న పిండి గానీ పసుపు గానీ అద్ది రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. ఆగకపోతే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ఉడికించిన వేడి బంగాళాదుంపను ముల్లుకు గుచ్చి పైపొర ఊడబెరికే పద్ధతి వీడియోల్లో తిరుగుతోంది. దాని జోలికి పోవద్దు, కాలు కాలుతుంది, పచ్చి ఎముక బయటపడుతుంది. రెండు మూడు నెలలకోసారి ఈ పని చేస్తూ ఉండాలి.

తేల్చడం

ముఖానికో కంటికో గురిపెట్టిన పుంజు, చిన్నపిల్లల మీదికి రెండోసారి వచ్చిన పుంజు, గోడ దాటి వీధిలో పోయేవాళ్ళను తరిమే పుంజు. వీటికి మూడు వారాల ప్రయత్నం అక్కర్లేదు, వెంటనే మంద నుంచి తీసేయాలి. సూచన లేకుండా వెనక నుంచి వచ్చేది రెండేళ్ళు దాటిన పుంజైతే దానిదీ అదే దారి. ఇంట్లో ఒక్కరికి కూడా పెరట్లోకి వెళ్ళాలంటే భయం ఉండకూడదు. నీళ్ళు పెట్టడానికి భయపడి ఒక పూట ఎగ్గొట్టారంటే కోళ్ళకూ నష్టమే.

తీసేయడం అంటే ఇచ్చేయడం ఒక్కటే కాదు. చోటుంటే విడిగా ఉంచుకోవచ్చు: జాలీ గూడు, దానికి ఆనుకుని ఎనిమిదడుగులు తిరిగే ఆవరణ, పెట్టలు కనిపించకుండా అడ్డు. పెట్టలు కనిపించనప్పుడు చాలా పుంజులు చల్లబడతాయి, అసీల్ కాకపోతే రెండు పుంజులను కలిపి కూడా ఉంచవచ్చు. మేత, నీళ్ళ గిన్నెలు బయటి నుంచే నింపేలా అమర్చుకుంటే లోపలికి వెళ్ళే పనే ఉండదు. ప్రేమగా పెంచుకున్న పుంజుకు ఇది మంచి దారి, కాకపోతే కూత ఉంటుంది, ఇంకో అయిదారేళ్ళ చాకిరీ ఉంటుంది.

దాని గుడ్లు పొదగేయకండి. కోపం కొంతవరకు వంశంలో దిగుతుంది, ఆ పుంజు కొడుకులతో ఏడాది తిరగకుండా ఇదే గొడవ మళ్ళీ వస్తుంది.

ఇచ్చేటప్పుడు

విశాఖ చుట్టుపక్కల పుంజు ఇస్తామంటే తీసుకోవడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఎందుకు తీసుకుంటున్నారన్నదే ప్రశ్న. దారులు నాలుగు: సాకడానికి, పందేనికి, గ్రామదేవత మొక్కుకు, కూరకు. నవంబరు నుంచి సంక్రాంతి దాకా పందెం వాళ్ళ వెతుకులాట ఉంటుంది. జంతువులను పోట్లాడించడం జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 ప్రకారం నేరం. పందెం కాయడానికి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974 వర్తిస్తుంది. కత్తి కట్టిన పందెంలో పుంజు బతుకు కొన్ని నిమిషాలు. కాబట్టి ఆగగలిగితే కనుమ దాటాక, ఫిబ్రవరి నుంచి ఇవ్వండి. అప్పటిదాకా విడిగా ఉంచండి.

వాట్సాప్‌లో పెట్టేటప్పుడు అది దూకే వీడియో పెట్టొద్దు, "మంచి పౌరుషం ఉన్న పుంజు" అని రాయొద్దు. పందెం వాళ్ళను పిలిచేవి ఆ రెండే. ఉచితం అని రాసినా ఆదివారం కూరకు పోతుంది. నలుగురూ ఇచ్చే ధర అడగండి. రాయాల్సింది ఉన్నది ఉన్నట్టు: "ఏడాది నాటు పుంజు, మూడున్నర కిలోలు, కొక్కెర తెగులు టీకా ఫలానా నెలలో వేయించాం, మనుషుల మీదికి దూకుతుంది, పిల్లలున్న ఇంటికి ఇవ్వం."

తగిన చోటు ఎలాంటిదంటే, పది పన్నెండు పెట్టలున్నది, ఇంకో పుంజు లేనిది, పిల్లలు తిరగనిది, రాత్రి మూసే గూడున్నది. భీమిలి, పద్మనాభం, సబ్బవరం వైపు జీడి తోటలు, మామిడి తోటలు కాపలా కాసే కుటుంబాల దగ్గర ఇలాంటి చోట్లు దొరుకుతాయి. అక్కడ కుక్క, ముంగిస, గద్ద బెడద ఉంటుంది కనుక, దూకుడున్న పుంజు నిజంగా పనికొస్తుంది. ఫోన్‌లో మాట ఇచ్చేయకుండా వెళ్ళి చూడండి. మొహమాటం లేకుండా అడగండి: "అన్నా, పెట్టలెన్ని ఉన్నాయి? పాత పుంజు ఏమైంది? మనవలు సెలవులకు వస్తారా? సంక్రాంతికి దీన్నేం చేస్తావు?" నాలుగో ప్రశ్నకు నవ్వి మాట దాటేస్తే అక్కడ ఇవ్వొద్దు. కూరకే అని నిజం చెబితే, అది మీకు సమ్మతమో కాదో ముందే ఇంట్లో అనుకుని ఉండాలి.

నెల రోజుల్లో సరిపడకపోతే వెనక్కి తీసుకుంటామని చెప్పి ఇవ్వండి. కొత్త చోట రెండు మూడు వారాలు ఏ పుంజైనా అణిగి ఉంటుంది, పెట్టల మీద పెత్తనం కుదిరాక పాత గుణం బయటపడవచ్చు. ఈ మాట తీసుకునేవాళ్ళకు తెలియకపోతే ధైర్యంగా వదిలేస్తారు, దెబ్బ తగిలేది అప్పుడే.

తీసుకెళ్ళడం తెల్లవారుజామునో, పొద్దువాలాకో. అడుగున్నర పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న అట్టపెట్టెకు నాలుగు వైపులా అంగుళం రంధ్రాలు పదేసి చేసి, అడుగున ఎండుగడ్డి పరవాలి. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు మేత ఆపి, నీళ్ళు మాత్రం ఉంచాలి. గోనెసంచిలో కట్టి స్కూటరుకు వేలాడదీస్తే ఆనందపురం చేరేలోపే ఊపిరాడక పోవచ్చు. టీకా వేయించాల్సి ఉంటే కనీసం రెండు వారాల ముందే వేయించండి. దగ్గరలోని పశువైద్యశాలలో అడగవచ్చు, సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. బర్డ్ ఫ్లూ వార్తలున్నప్పుడు కోళ్ళను ఎక్కడికీ కదపొద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది బయటపడినప్పుడు చేసినట్టు, అధికారులు కోళ్ళ రాకపోకలు ఆపేస్తారు. తీసుకున్నవాళ్ళు నాలుగు వారాలు దూరంగా, ఆ తర్వాత ఒక వారం జాలీ అవతల పెట్టలకు కనిపించేలా ఉంచి, అప్పుడు కలపాలి.

మంచి చోటు దొరకకపోతే

దొరకని సందర్భాలే ఎక్కువ, ఇది దాచాల్సిన మాట కాదు. దారిన పోయే ఎవరికో అప్పగించి బరిలోనో బుట్టలోనో దాని చావును వదిలేయడం కంటే, నమ్మకమైన చేతిలో ఒక్క క్షణంలో కోయించడం పుంజుకు తక్కువ బాధ. దాన్ని తప్పుగా అనుకోవాల్సిన పని లేదు. అలవాటున్నవాళ్ళ చేత, పదునైన కత్తితో, మిగతా కోళ్ళ కళ్ళ ముందు కాకుండా చేయించండి. పిల్లలు పేరు పెట్టుకుని పిలిచిన పుంజైతే వాళ్ళకు అబద్ధం చెప్పకండి, అదే కూర వాళ్ళకు వడ్డించకండి. నులిపురుగుల మందో యాంటీబయాటిక్కో ఈ మధ్య వేసి ఉంటే, డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా ఆగాలి. రెండేళ్ళ పుంజు మాంసం గట్టిది, కుక్కర్లో బ్రాయిలర్‌కు పట్టే సమయానికి మూడింతలు పెట్టుకోండి.

పుంజు వెళ్ళాక

మందలో కొన్ని రోజులు గందరగోళం ఉంటుంది. పెట్టలు వరస కోసం పొడుచుకుంటాయి, గుడ్లు తగ్గవచ్చు, పెద్ద పెట్ట ఒకటి పుంజులా కూయడానికి కూడా ప్రయత్నించవచ్చు. మేత గిన్నె ఇంకొకటి చేర్చి రెండు చోట్ల పెడితే ఈ గొడవ తొందరగా సర్దుకుంటుంది. బోసిపోయిన వీపుల మీద ఈకలు రావడానికి తర్వాతి ఈకల మార్పిడి దాకా పట్టవచ్చు. అప్పటిదాకా ఎండ తగలకుండా నీడ ఎక్కువ ఉంచండి, గాయాలు రోజూ చూడండి. పుంజు పోయినా రెండు మూడు వారాల దాకా గుడ్లలో పిల్ల కట్టే అవకాశం ఉంది, కాబట్టి పొదుగుకొచ్చిన పెట్ట కింద ఆ గుడ్లు పెట్టకుండా రోజూ ఏరేయాలి. గద్దను చూసి హెచ్చరించే గొంతు ఇక ఉండదు. ఆవరణ పైన వల కట్టండి, గూటి జాలీ కిందికి ముంగిస తవ్వకుండా అడుగు లోతున ఇటుకలు పాతండి, సాయంత్రం దీపాలు పెట్టేలోపే తలుపు వేయండి.